తేనె చుక్క మానేద్దాం, అమ్మమ్మ చేతికి బిడ్డనిద్దాం

బాలింత మంచినీళ్ళు మానక్కర్లేదని కిందటి సంచికలో రెండు ముక్కలు రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకి ఎప్పుడూ రాలేదు. మెచ్చుకున్నవాళ్ళున్నారు, మండిపడ్డవాళ్ళున్నారు. ఉద్యోగమంతా ప్రసూతి వార్డులో గడిపి రిటైరైన నర్సుని నేను. ఈ విషయంలో నా అభిప్రాయాలు గట్టివే, దాచుకోను. అందుకే ఈసారి పేజీ మొత్తం పురిటిగదికే ఇచ్చేస్తున్నాను. రాసినవాళ్ళ పేర్లూ ఊర్లూ తీసేశాను.

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. నాకు ఎనిమిదో నెల, తొలి కాన్పు. వచ్చే వారం పుట్టింటికి వెళ్తున్నాను. అమ్మ ఇప్పట్నుంచే ఏర్పాట్లు మొదలుపెట్టింది. పుట్టగానే మా పెద్దమామయ్య చేత బిడ్డకి తేనె నాకించాలట. మూడు రోజుల దాకా నా పాలు పిండి పారబోయాలట. పొట్ట వస్తుందని నాకు రోజుకి రెండు గ్లాసుల నీళ్ళే ఇస్తారట. నిప్పుల కుంపటి, సాంబ్రాణి పొగ, ముక్కులో చెవుల్లో నూనె, వస, ఆముదం అన్నీ సిద్ధం. మా అక్కకీ ఇలాగే చేశారు. మా ఆయన మాత్రం "ఇవన్నీ మూఢాచారాలు, ఒక్కటి కూడా జరగడానికి వీల్లేదు, అలాగైతే కాన్పు ఇక్కడే కానిద్దాం" అంటున్నారు. అమ్మ ఏడుస్తోంది. "మా అమ్మ నాకు చేసింది, నేను నీకు చేస్తున్నాను, ఇందులో నా తప్పేముంది" అంటోంది. ఇలాంటి ఆచారాల్ని పూర్తిగా మానేయాలా? కొంచెం మార్చుకుంటే సరిపోతుందా? అమ్మ మనసు నొప్పించకుండా ఎలా?

జవాబు: తల్లీ, ముందు సూటిగా చెప్తాను. ప్రాణం మీదికి తెచ్చేదాన్ని మానేయాల్సిందే. ఒక్క చుక్కే కదా, ఒక్క పూటే కదా అని బేరాలు వద్దు. చేసే పద్ధతి వల్ల మాత్రమే చెడు జరిగేదైతే ఆ పద్ధతి మార్చుకుంటే చాలు. ఏ హానీ లేనివాటి జోలికి అసలు పోవద్దు, అవి మీ అమ్మ సంతోషం. నువ్వు రాసినవాటిలో ఏది ఏ కోవలోకి వస్తుందో ఒక్కొక్కటే చూద్దాం.

తేనె. నాకించినవాళ్ళ గుణం బిడ్డకి వస్తుందని మనవాళ్ళ నమ్మకం. అందుకే ఇంట్లో నెమ్మదస్తుణ్ణి, నాలుగు అక్షరమ్ముక్కలు వచ్చినవాణ్ణి పిలిపిస్తారు. కోరిక మంచిదే. కానీ తేనెలో క్లాస్ట్రీడియం బోట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండే అవకాశం ఉంది. మన పేగుల్లో అవి మొలకెత్తలేవు, ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. మలబద్ధకంతో మొదలవుతుంది. తర్వాత ఏడుపు నీరసిస్తుంది, పాలు పీల్చే శక్తి తగ్గుతుంది, మెడ వాలిపోతుంది. ముదిరితే ఊపిరి తీసే కండరాలే పనిచేయవు. జబ్బు అరుదైనదే. కానీ ఏ సీసాలో ఆ బీజాలున్నాయో చూసి చెప్పలేం. అడవి తేనె అయినా, కొన్న తేనె అయినా ఒకటే. ఇంట్లో కాచినా అవి చావవు. పసిపిల్లల్లో ఈ జబ్బుని వైద్యులు గుర్తించింది 1976లో, కాలిఫోర్నియాలో. అంతకు ముందు మన ముత్తవ్వలకి దీని సంగతి తెలిసే దారే లేదు. కాబట్టి వాళ్ళని నిందించే పని లేదు. మనకి తెలిసింది, మనం మానేయాలి.

మీ పెద్దమామయ్యని మాత్రం రావద్దనకండి. చేతులు శుభ్రంగా కడుక్కుని బిడ్డని మొదట ఒళ్ళోకి తీసుకునేది ఆయనే కానివ్వండి. చెవిలో నాలుగు మంచి మాటలు చెప్పి, తీసుకొచ్చి నీ రొమ్ము దగ్గర పెట్టమనండి. మా వార్డులో చాలా కుటుంబాలు నా మాట విని ఇలా చేశాయి. తేనె గిన్నె లేదని బాధపడ్డవాళ్ళని నేను చూడలేదు.

ముర్రుపాలు పారబోయడం ఎంత అన్యాయమో మీ అమ్మకి నువ్వు వేరే చెప్పక్కర్లేదు. ఆవు ఈనితే జున్నుపాలకి వీధి వీధంతా ఎదురుచూస్తుంది, గ్లాసుడు పాలు పంపిస్తే పండగ చేసుకుంటాం. మన కూతురికి పడిన జున్నుపాలు మాత్రం మురికిపాలంటాం! ఆ పసుపు రంగు విటమిన్ ఎ తయారీకి పనికొచ్చే కెరోటిన్‌ది. ఆ చిక్కదనంలో బిడ్డ పేగులకి లోపల కాపలా కాసే రోగనిరోధక పదార్థాలున్నాయి. మొదటి రోజు బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది చెంచాడు పాలే. వచ్చే ముర్రుపాలూ అంతే. "పాలే పడలేదు" అని కంగారుపడి డబ్బా తెచ్చేది ఈ లెక్క తెలియకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది గంటలోపు రొమ్ము పట్టించమని, ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన దేశంలో నూటికి 88 కాన్పులకి పైగా ఆసుపత్రుల్లోనే జరిగాయి. గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు మాత్రం నూటికి 42 మందికి మించలేదు. అంటే కాన్పు ఆసుపత్రికి వచ్చింది, ఆచారం కూడా ఫ్లాస్కుతో పాటు ఆసుపత్రికి వచ్చేసింది. తప్పంతా ఇంటివాళ్ళదే అనను. ఆపరేషన్ అయిన తల్లి దగ్గర బిడ్డని పెట్టడానికి తీరిక లేని ఆసుపత్రులూ ఉన్నాయి. ముందే అడిగి పెట్టుకో. ఆపరేషన్ అయినా మత్తు ఇచ్చిన తీరుని బట్టి గంటలోపే పాలు పట్టించవచ్చు.

ఇక నీళ్ళ విషయం. దీని మీద నేను ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదువు.

కాన్పు తర్వాత ఆరు వారాల పాటు ఆడదాని రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. కాన్పులో పోయే రక్తం ఆగడానికి శరీరం చేసుకున్న ఏర్పాటది. ఆ సమయంలో నీళ్ళివ్వకుండా మాడ్చి, కదలకుండా మంచానికి అంటిపెడితే గడ్డలు కాళ్ళ సిరల్లో కట్టొచ్చు, మెదడు నుంచి వెనక్కి వచ్చే సిరల్లోనూ కట్టొచ్చు. ఒక అమ్మాయిని మా వార్డుకి తెచ్చారు. కాన్పై వారం దాటింది. తలనొప్పి, తలనొప్పి అంటూనే ఉందట. "బాలింతకి గాలి సోకితే అంతే" అని తలకి ఇంకో గుడ్డ బిగించారు. ఫిట్స్ వచ్చాక గానీ బండి ఎక్కించలేదు. నాలుక ఎండి చెక్కలా ఉంది. స్కానింగ్‌లో మెదడు సిరలో గడ్డ కనిపించింది. రక్తం పలచబడే మందులిచ్చారు, బతికింది. కుడిచెయ్యి మాత్రం చాలా రోజులు స్వాధీనంలోకి రాలేదు. బిడ్డని ఎడమవైపే పట్టుకుని పాలిచ్చేది, పక్కన వాళ్ళమ్మ బిడ్డ తలకింద చెయ్యి పెట్టి కూర్చునేది. ఆ తల్లి కూతుర్ని ప్రాణంగా చూసుకుంది. పథ్యంలో ఒక్క పొరపాటు రానివ్వలేదు. నీళ్ళు తక్కువ కావడమే అన్నిటికీ కారణమని నేననను, ఇలాంటి గడ్డకి వేరే కారణాలూ ఉంటాయి. కానీ చేతిలో ఉన్న కారణం అదొక్కటే. అది మనం తీసేయగలిగింది.

నీళ్ళకీ పొట్టకీ సంబంధం లేదు. గర్భసంచి మామూలు సైజుకి రావడానికి ఆరు వారాలు పడుతుంది. సాగిన కండరాలకి ఇంకా ఎక్కువే పడుతుంది. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ దాహం వేస్తుంది. దాహం వేసినప్పుడల్లా తాగాలి. దీన్ని మీ అమ్మ పద్ధతిలోకి ఎలా తేవాలో చెప్తాను విను. చల్లనీళ్ళే ఆమెకి భయం. సరే, వాము వేసో జీలకర్ర వేసో కాచి, గోరువెచ్చగా ఫ్లాస్కులో పోసిమ్మను. బిడ్డకి పాలిచ్చిన ప్రతిసారీ నీ చేత గ్లాసు తాగించే పూచీ ఆమెకే అప్పగించు. నీళ్ళు ఆపే మనిషే నీళ్ళు అందించే మనిషవుతుంది. ఇది చాలా ఇళ్ళలో పనిచేసింది.

పథ్యం కూడా ఇలాగే. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, కాయం ముద్ద, ఇవి తింటే ఏమీ కాదు. అవి మాత్రమే తింటేనే వస్తుంది చిక్కు. పాలిచ్చే మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్క. ఒంటిపూట కారమన్నంతో అంత ఎక్కడి నుంచి వస్తుంది? పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, పండు చేర్చమను. పప్పు తింటే చీము పడుతుందని, కుట్లు మానవని అంటారు, కుట్లు మానడానికి కావలసిందే ఆ మాంసకృత్తులు. కోస్తా వాళ్ళయితే పాలసొర చేప వండిపెడతారు, ఎంత బాగుంటుందో, పెట్టనీ. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి, అది మర్చిపోకండి.

నిప్పుల కుంపటి గదిలోకి రాకూడదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే తల్లీబిడ్డలిద్దర్నీ తీసుకుపోతుంది. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరితిత్తులకి పడదు. నీ జుట్టు పొడి తువ్వాలుతో తుడిచి ఆరబెట్టుకుంటే సరిపోతుంది. సాంబ్రాణి వాసన మీ అమ్మకి ఇష్టమైతే బిడ్డ లేని గదిలో, దేవుడి దగ్గర వేసుకుంటుంది.

ముక్కులో నూనె, నోట్లో ఆముదం, వస అరగదీసి నాకించడం, ఈ మూడూ కచ్చితంగా వద్దు. ఏడుస్తున్న బిడ్డ ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో పోస్తే నూనె కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అక్కడికి చేరిన నూనె అంత తేలిగ్గా బయటికి రాదు, మొండి న్యుమోనియా అవుతుంది. వసని ఆహార పదార్థాల్లో కలపడం అమెరికాలో 1968లోనే నిషేధించారు. మాటలు తొందరగా రావాలంటే బిడ్డ ముఖంలోకి చూస్తూ మాట్లాడమను మీ అమ్మని. దానికి మించిన వస లేదు.

నువ్వు రాయలేదు గానీ, స్నానం పోసే ఆవిడ ఒకరు వస్తారు కదా, ఆమె దగ్గరొక సంగతి జాగ్రత్త. కొందరు పిల్లలకి పుట్టగానే రొమ్ములు గట్టిగా ఉబ్బి ఉంటాయి, ఒక్కోసారి పాలచుక్క కూడా వస్తుంది. అది తల్లి హార్మోన్ల ప్రభావం, వారాల్లో దానంతటదే పోతుంది. దాన్ని పిండితే చీముగడ్డ అవుతుంది. గడ్డ కోయించుకున్న పసికందుల్ని చూశాను. పిండవద్దని మొదటి రోజే చెప్పు. మొదటి స్నానం కూడా కనీసం ఒక రోజు ఆగాక.

మిగిలినవి? చెవుల్లో దూది, తలకి గుడ్డ, వదులుగా నడికట్టు, ఒంటికి నూనె మర్దన, అరికాలికి దిష్టిచుక్క, పదకొండో రోజు పురుడు, ఇరవయ్యొకటో రోజు బారసాల, అన్నీ చేయించుకో. నలుగుపెట్టి నెమ్మదిగా చేసే మర్దన బిడ్డకి మంచిది కూడా. కంటికి కాటుక మాత్రం వద్దు. కొన్న కాటుకల్లో, సుర్మాల్లో కొన్నిట్లో సీసం ఉంటుంది. ఇంట్లో పట్టిన దీపం మసి అయినా వేలి మురికి కంట్లోకి వెళ్తుంది.

ఇప్పుడు మీ అమ్మకి చెప్పడం. పురుటినొప్పుల మధ్యలో, బిడ్డ ఏడుస్తుండగా ఈ తగువు పెట్టుకోకు. ఈ వారమే, ఇంకా టైముండగానే మాట్లాడు. ఇంట్లో కూర్చుని చెప్తే కూతురు తల్లికి పాఠం చెప్పినట్టుంటుంది. పుట్టింటికి వెళ్ళాక మొదటి చెకప్‌కి ఆమెని వెంటబెట్టుకెళ్ళు. "మా అమ్మకి కొన్ని సందేహాలున్నాయండీ" అని డాక్టరు గారి ముందు ఆమెనే అడగనియ్యి. ఆచారం ఎందుకు పెట్టారో ఆమె నోటితోనే చెప్పించు. చలి తగలకూడదనో, గుణం రావాలనో, నీకు విశ్రాంతి కావాలనో అంటుంది. ఆ కారణాన్ని ఒప్పుకో. పద్ధతి దగ్గరే మాట్లాడు.

మీ ఆయనకి ఒక మాట. నాయనా, నువ్వు భయపడుతున్నది నీ బిడ్డ కోసమే, తేనె విషయంలో, నీళ్ళ విషయంలో నీ మాట అక్షరాలా నిజం. కానీ "ఒక్కటి కూడా వద్దు" అన్నావంటే ఆ అమ్మ చేసే మర్దన, నలభై రోజులు నీ భార్యకి చేసే చాకిరీ, అర్ధరాత్రి లేచి బిడ్డని భుజాన వేసుకోవడం, అవీ వద్దన్నట్టే. అవన్నీ నువ్వొక్కడివే చేయగలవా? చేయగలిగితే నాకు సంతోషమే. అప్పుడు కూడా ఆవిణ్ణి పిలువు.

ప్రశ్న: మీరు రాసినవి చదివి మా కోడలు పేపరు నా ముందు పెట్టింది. నేను నలుగుర్ని కన్నాను, నలుగురూ రాళ్ళలా ఉన్నారు. ఎవరికీ పుట్టగానే రొమ్ము ఇవ్వలేదు, బొడ్డుకి పిడక బూడిద అద్దాం, పొగలు వేశాం. మీ డాక్టర్లు వచ్చి ఎన్నాళ్ళైంది? మనవరాలికి ఆరో రోజు, తక్కువ బరువుతో పుట్టింది, నన్ను ముట్టుకోనివ్వట్లేదు. "అత్తయ్యా, మీకు తెలీదు" అంటుంది. ఈ ఇంట్లో ఇక నేనెందుకు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివరి మాట నన్ను చాలా కష్టపెట్టింది. దానికే ముందు జవాబు చెప్తాను. మనవరాలికి మీరు కావాలి. మీ కోడలికి మీ దగ్గర చదువుకోవలసింది చాలా ఉంది. మిమ్మల్ని ముట్టుకోనివ్వకపోవడం తప్పు. అమ్మాయీ, ఇది చదువుతున్నావు కదా, చేతులు కడుక్కోమని చెప్పి బిడ్డని అత్తగారి ఒళ్ళో పెట్టు.

ఇప్పుడు మిగతాది. మీ నలుగురూ దక్కారు, సంతోషం. కానీ మీ అమ్మ కాలం గుర్తు చేసుకోండి. "పుట్టినవాళ్ళు తొమ్మిదిమంది, దక్కినవాళ్ళు అయిదుగురు" అని చెప్పని ఇల్లు ఉండేదా? దక్కినవాళ్ళని చూపించి మా పద్ధతి మంచిదంటాం. దక్కనివాళ్ళు ఎందుకు దక్కలేదో అడగడానికి ఎవరూ మిగల్లేదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి అది 28కి దిగింది. టీకాలు, మందులు, తిండి, శుభ్రత, ఆడపిల్ల చదువు, అన్నీ కలిసి చేసిన పని అది. అందులో బూడిద మానేయడం కూడా ఉంది. కోసిన బొడ్డు పచ్చి గాయం. బూడిద, పేడ అంటితే ధనుర్వాతం క్రిములు లోపలికి వెళ్తాయి. మొదటి రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ తర్వాత దవడలు బిగిసి పాలు పట్టలేక, కొయ్యబారిపోయి పోయేది. గర్భిణులకి టీకా వేసి, బొడ్డు పొడిగా ఉంచడం నేర్పించి, ఆ పీడని 2015 నాటికి దాదాపు లేకుండా చేయగలిగాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ధ్రువీకరించింది. కాబట్టి మనవరాలి బొడ్డుకి ఏమీ రాయకండి. గాలికి ఆరనివ్వండి, ఊడిపోతుంది.

ఇంకో మాట, ఇది మీ కోడలు కూడా వినాలి. ఆచారాలు ఇళ్ళలోనే కాదు, ఆసుపత్రుల్లోనూ ఉండేవి. కాన్పుకి వచ్చిన ప్రతి మనిషికీ ఎనిమా ఇచ్చేవాళ్ళం, వెంట్రుకలు తీసేవాళ్ళం, పుట్టిన బిడ్డని తల్లి నుంచి వేరుచేసి ఉయ్యాలల గదిలో పెట్టేవాళ్ళం. మా సీనియర్లు నేర్పారు, మేమూ చేశాం. వీటివల్ల మేలేమీ లేదని, మానేయమని 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసింది. ఆసుపత్రులు మెల్లగా మానుకున్నాయి. తల్లినీ బిడ్డనీ ఒక్క మంచం మీద ఉంచాలన్న విషయంలో మీరే ముందున్నారు, మేమే ఆలస్యంగా వచ్చాం. అలాగే ఇంటికి జనాన్ని ఎక్కువ రానివ్వకపోవడం, బాలింతతో బరువులు మోయించకపోవడం మీవే, వాటిని గట్టిగా పట్టుకోండి.

మీ మనవరాలు తక్కువ బరువుతో పుట్టిందని రాశారు. అయితే మీకో పని ఉంది. పొగకంటే, కంబళికంటే వెచ్చనైన చోటు మనిషి ఒళ్ళు. బిడ్డకి డైపరూ టోపీ తప్ప ఏమీ వేయకుండా, మీ గుండెకి ఆనించి, పైన చీరకొంగు చుట్టి కూర్చోండి. బిడ్డ ముక్కూ నోరూ మూసుకోకుండా ముఖం పక్కకి ఉండాలి. కంగారూ పద్ధతి అంటారు దీన్ని. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో బాగా తక్కువ బరువు పిల్లల మీద పరిశోధన చేస్తే, పుట్టిన వెంటనే ఇలా పెట్టుకున్నవాళ్ళలో మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో తేలింది. తల్లే చేయాలని లేదు, ఇంట్లో ఇంకొకరు చేసినా సరే. కోడలు స్నానానికి, నిద్రకి వెళ్ళినప్పుడు ఆ చోటు మీది. మనవరాలి బరువెంతో మాత్రం ఆశా కార్యకర్త చేత వారం వారం చూయించండి.

ప్రశ్న: మేడమ్, మా చెల్లి బాబుకి పుట్టిన మూడో రోజు ఒళ్ళు పచ్చబడింది. మా నాయనమ్మ పసరు పోయించాలని, పొట్ట మీద వాత పెట్టించాలని పట్టుబట్టింది. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్ళాం, బాగైంది. వచ్చే నెల మా ఆవిడ కాన్పు. మళ్ళీ అదే గొడవ వస్తే ఎంతవరకు ఆగొచ్చు? ఎండలో పెడితే చాలదా?

జవాబు: బాబూ, ఇక్కడ మార్చుకోవడం, సర్దుకోవడం అనే మాటలకి చోటు లేదు. పసరు వద్దు, వాత వద్దు. వాతతో కామెర్లు తగ్గవు, ఒంటి మీద పుండు మిగులుతుంది, ఆ పుండులోంచి రక్తంలోకి విషక్రిములు చేరతాయి. పసరు ముక్కులోనో నోట్లోనో పోస్తే ఏమవుతుందో పైన నూనె గురించి రాసిందే.

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో సగంమందికి పైగా మొదటి వారంలో కాస్త పచ్చబడతారు. చాలామందికి పాలు బాగా పడుతుంటే దానంతటదే పోతుంది. అందుకే నాటుమందుకి అంత పేరొచ్చింది, తగ్గేది ఎలాగూ తగ్గుతుంది, పేరు పసరుకి వస్తుంది. కానీ కొందరిలో ఆ పచ్చదనం మెదడుకి చేరుతుంది. చేరిందంటే వినికిడి పోవచ్చు, కాళ్ళూచేతులూ జీవితాంతం స్వాధీనంలో ఉండకపోవచ్చు. తర్వాత ఏ మందూ దాన్ని వెనక్కి తేలేదు.

ఎండకీ కామెర్లకీ ఉన్న సంబంధాన్ని ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు గమనించింది, 1950లలో. పిల్లల్ని తోటలోకి తీసుకెళ్ళి తెచ్చేది, ఎండ తగిలిన చోట చర్మం తెల్లబడటం చూసి డాక్టర్లకి చూపించింది. దాన్నుంచే ఇప్పటి నీలిదీపం వైద్యం వచ్చింది. మా వృత్తిలో నేను అందరికంటే గర్వంగా చెప్పుకునే మనిషి ఆమె. కానీ ఆ దీపం ఎంత వెలుగు, ఎన్ని గంటలు ఇవ్వాలో రక్తపరీక్ష చూసి లెక్కకట్టి ఇస్తారు. వాకిట్లో ఎండకి ఆ లెక్క లేదు. పైగా బట్టలిప్పి పెడితే బిడ్డ చల్లబడిపోతుంది, ఎండ ముదిరితే చర్మం మాడుతుంది.

పుట్టిన మొదటి రోజే పచ్చబడితే ఒక్క గంట కూడా ఆగొద్దు. అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా, కీచుమని ఏడ్చినా, ఒళ్ళు విల్లులా వెనక్కి వంచినా అర్ధరాత్రయినా సరే బయల్దేరండి, 108కి ఫోన్ చేయండి. మీ నాయనమ్మని కూడా బండి ఎక్కించుకోండి. దీపం కింద బిడ్డ రంగు మారడం ఆమె కళ్ళతో చూస్తే మీ చెల్లెళ్ళ కాన్పులకి ఆమే ముందు బయల్దేరుతుంది.

ప్రశ్న: పాపకి మొలతాడు, మెళ్ళో తాయెత్తు కట్టవచ్చా? డాక్టరు చూస్తే తిడతారేమోనని భయం.

జవాబు: మొలతాడు కట్టుకోండి. కిందినుంచి రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి, పాప ఒళ్ళు చేస్తున్నకొద్దీ వారానికోసారి చూసి సడలించండి. తడిసిన తాడు స్నానమయ్యాక ఆరబెట్టాలి, లేకపోతే కింద ఒరుసుకుని పుండవుతుంది. మెళ్ళో తాడు, తాయెత్తు మాత్రం వద్దు, నిద్రలో మెడకి బిగుసుకునే ప్రమాదం ఉంది. తాయెత్తుని ఉయ్యాల కట్టిన దూలానికి, పాప చెయ్యి అందనంత ఎత్తులో కట్టండి. పూసలూ గవ్వలూ ఊడి నోట్లోకి పోయేలా ఉంటే ఈ రోజే తీసేయండి.